మా ఊళ్ళో హత్యకి డిటెక్టివ్ ఎందుకండీ

మొన్న ముసురుకి మూడ్రోజులు కరెంటు వస్తా పోతా ఉండి, ఆఖరికి ఇన్వర్టరు కూడా చేతులెత్తేస్తే, చేసేదేం లేక కిటికీ పక్కన కుర్చీ లాక్కుని ఒక మర్డర్ మిస్టరీ పూర్తి చేశాను. రిచర్డ్ ఆస్మన్ రాసిన థర్స్‌డే మర్డర్ క్లబ్. 2020లో వచ్చింది, అందరూ చదివేశారు, నేనే లేటు. ఇంగ్లండ్‌లో కెంట్ అనే చోట కాస్త కలిగిన ముసలాళ్ళు ఉండే రిటైర్‌మెంట్ విలేజీ ఒకటి, అందులో డెబ్బైల్లో ఉన్న నలుగురు ప్రతి గురువారం కూచుని పోలీసులు తేల్చలేక వదిలేసిన పాత హత్య కేసులు తిరగేస్తా ఉంటారు, ఇంతలో వాళ్ళ కళ్ళ ముందే నిజం హత్య ఒకటి జరుగుద్ది. బావుంది. చాలాచోట్ల నవ్వొచ్చింది, ఒకట్రెండు చోట్ల గొంతు పట్టేసింది కూడా.

పుస్తకం మూసేసి మా ఆవిడతో అన్నాను, మన కోనసీమలో కూడా ఇలాంటి క్లబ్బు పెట్టొచ్చు, ప్రతి ఇంట్లోనూ పెద్దాళ్ళిద్దరే, పిల్లలు అమెరికాలోనో హైదరాబాద్‌లోనో, రోజంతా ఖాళీ, బుర్రలు మాత్రం మహా చురుకు అని. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తా తల కూడా ఎత్తకుండా, "గురువారం దాకా ఎందుకు, ఎవడు చంపాడో పొద్దున్నే పాలబ్బాయి చెప్పేస్తాడు" అంది.

నవ్వేశాను గానీ ఆ మాట బుర్రలోంచి పోలేదు. ముప్పై ఏళ్ళుగా ఈ హత్య నవలలు తింటున్నాను, ఎప్పట్నించో నన్ను తొలిచేసే ప్రశ్న ఒకటుంది. గోదారి పల్లెటూళ్ళో జరిగే ఒక మంచి "ఎవరు చంపారు" నవల నాకెందుకు దొరకలేదు? పగలు ఉన్నాయి, ఆస్తి తగాదాలు ఉన్నాయి, గట్టు తగాదాలు, నీటి వంతు తగాదాలు, సంక్రాంతి బరుల్లో పందేల తగాదాలు, సరుకు మొత్తం రెడీగా ఉంది కదా. ఇన్నాళ్ళూ మన రచయితలకి ఓపిక లేదు, ప్లాటు కట్టడం రాదు అని తిట్టుకునేవాణ్ణి. ఇప్పుడనిపిస్తోంది, తప్పు రచయితలది కాదు, ఊరిది.

ఎందుకంటే "ఎవరు చంపారు" అనే కథ నడవాలంటే మనుషులకి ఒకళ్ళ గురించి ఒకళ్ళకి సగమే తెలిసుండాలి. అస్సలు తెలీకపోతే అది పెద్ద పట్నం, అక్కడ అనుమానించడానికి కూడా మనిషి పేరు దొరకదు. మొత్తం తెలిసిపోతే అది మా ఊరు, అక్కడ అనుమానం అనేదే ఉండదు, డైరెక్టుగా తెలియడమే. అగాథా క్రిస్టీ అనే ఇంగ్లీషు రచయిత్రి నవలల్లో డిటెక్టివ్ పోయిరో ఉన్నాడే, ఆయన వచ్చి మీసం దువ్వుకునే లోపే చెరువు గట్టు మీద నలుగురూ తేల్చేసి ఉంటారు. మరి తేలాక ఏమవుద్ది? ఏమీ అవ్వదు. అసలు మిస్టరీ అక్కడుంది, దాని గురించే ఈ గోలంతా.

ముందే చెప్తున్నా, కింద కొన్ని పాత పుస్తకాల గుట్టు విప్పేస్తున్నాను. వందేళ్ళ నాటివి, ఇప్పటికీ చదవకపోతే అది మీ ఇష్టం.

నేను రాజమండ్రిలో డిగ్రీ చదివేటప్పుడు ఇంగ్లీషు నేర్చుకుంది అగాథా క్రిస్టీ దగ్గరే. గౌతమీ గ్రంథాలయంలో కూచుని డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక్కో పేజీ కుస్తీ పట్టేవాణ్ణి. సెలవులకి రాజోలు పక్క అమ్మమ్మ వాళ్ళ ఊరెళ్ళినప్పుడు రాత్రుళ్ళు కరెంటు పోతే అరుగు మీద ఆవిడకి ఆ కథలు చెప్పేవాణ్ణి. ఆవిడ వత్తులు చేసుకుంటా వినేది. మొదట చెప్పింది క్రిస్టీ మొదటి నవలే, స్టైల్స్ ఇంట్లో హత్య, 1920లో వచ్చింది. డబ్బున్న ముసలావిడ, తనకంటే ఇరవయ్యేళ్ళు చిన్నోణ్ణి పెళ్ళి చేసుకుంటుంది, ఒకరాత్రి గిలగిల్లాడి చచ్చిపోద్ది, స్ట్రిక్‌నైన్ విషం అని తేలుద్ది. నేను ఇంకా ఇంట్లో ఎవరెవరున్నారో చెప్తున్నాను, అమ్మమ్మ అడ్డొచ్చి, "ఆస్తి ఎవరి పేర రాసింది?" అంది. చెప్పాను. "ఆ చిన్న మొగుడే, ఇంకెవడు" అంది. లేదు అమ్మమ్మా, అంత ఈజీగా ఉండదు, అతను ఆ రాత్రి ఇంట్లోనే లేడు అన్నాను. "లేకపోతే ఏం, ముందే ఏదో కలిపెట్టి పోయుంటాడు, ఆవిడ రోజూ తాగే మందేదైనా ఉందా?"

నాకు ఒళ్ళు జలదరించింది అంటే నమ్మండి. ఉంది. రోజూ తాగే టానిక్కులోనే స్ట్రిక్‌నైన్ కొంచెం ఉంటుంది, ఆ రోజుల్లో బలానికి అలా ఇచ్చేవారు. అందులో బ్రోమైడ్ పొడి కలిపితే స్ట్రిక్‌నైన్ మొత్తం అడుక్కి దిగిపోద్ది, సీసాలో ఆఖరి మోతాదు తాగినరోజు ప్రాణం పోద్ది, అప్పటికి కలిపినవాడు ఎక్కడైనా ఉండొచ్చు. మొదటి ప్రపంచ యుద్ధం టైములో టోర్కీలో ఆసుపత్రి మందుల గదిలో పనిచేసింది క్రిస్టీ, అక్కడ నేర్చుకున్న విద్య ఇది. నేను ఇదంతా వివరిస్తే అమ్మమ్మ తేలిగ్గా, "మడ్డి దిగిపోయింది, కుదపలేదన్నమాట. మన డాక్టరు గారి మిక్చరు సీసా మీద ఉండేది కదరా, బాగా కుదిపి తాగవలెను అని" అంది.

అప్పుడు మా అమ్మమ్మ పోయిరో అంతటిది అని పొంగిపోయాను. ఇప్పుడు ఆలోచిస్తే విషయం వేరే. ఆ నవల మొత్తం ఒక్క ఎత్తు మీద నిలబడింది, ఎదురుగా కనపడే మొగుడి మీదే అందరికీ అనుమానం కాబట్టి, నవలలు చదివే అలవాటున్న మనం "అబ్బే వీడు కాదు, ఇంత ఈజీగా పెట్టరు" అనుకుంటాం, క్రిస్టీ మన తెలివితోనే మనల్ని కొడుతుంది. అమ్మమ్మ నవలలు చదవలేదు. ఆవిడకి తెలిసింది ఊరు. ఊళ్ళో ఎవడి మీద అనుమానం వస్తే వాడే చేసుంటాడు, తొంభై తొమ్మిది పాళ్ళు.

కానీ రెండో కథకి ఆవిడ బోల్తా పడింది. రోజర్ ఆక్రాయిడ్ హత్య, 1926. ఊరి డాక్టరు గారు కథ చెప్తా ఉంటాడు, నేను కూడా డాక్టర్‌లాగే "నేను వెళ్ళాను, నేను చూశాను" అని చెప్పుకుపోయాను. ఆఖర్న చంపింది ఆ డాక్టరే అని చెప్తే అమ్మమ్మకి కోపం వచ్చేసింది. నా మీద కాదు, ఆ డాక్టరు మీద కూడా కాదు, రాసినావిడ మీద. "అరుగు మీద కూచోబెట్టి మంచినీళ్ళిస్తే, కూచుని కథ చెప్తా అబద్ధం ఆడతాడా? అదేం కథ?" అంది. ఆ వారం ఇంక కథలు చెప్పనివ్వలేదు.

నేను ఎన్నేళ్ళయినా ఈ విషయంలో క్రిస్టీ పక్షమే. ఆ డాక్టరు అబద్ధం ఆడడు అమ్మమ్మా, మళ్ళీ చదివితే కనపడుద్ది, హత్య జరిగిన ఆ పది నిమిషాల దగ్గర చాలా జాగ్రత్తగా రాసుకుంటాడు, ఆ తర్వాత శవం దొరికినప్పుడు కూడా "చేయాల్సిన కాస్త పనీ చేశాను" అన్నట్టు ఒక్క ముక్కతో దాటేస్తాడు. రాసిన ప్రతి వాక్యం నిజమే, రాయంది మాత్రం హత్య. అది కళ అంటే.

ఇప్పుడు వస్తున్న థ్రిల్లర్లతో నా గొడవ సరిగ్గా ఇక్కడే. గాన్ గర్ల్ అనే థ్రిల్లర్ నవల 2012లో వచ్చాక, కథ చెప్పేవాళ్ళు అబద్ధాలు చెప్పడం ఒక ఫ్యాషన్ అయిపోయింది. గాన్ గర్ల్ వరకూ నాకు అభ్యంతరం లేదు, అందులో ఆ అబద్ధానికి ఒక కారణం ఉంది, అబద్ధమే ఆ కథ. ఆ తర్వాత వచ్చినవాటిలో చాలావరకు, ట్విస్టు కోసం ట్విస్టు. సైలెంట్ పేషెంట్, 2019ది, మొగుణ్ణి కాల్చేసి ఆ తర్వాత నోరు విప్పని పెయింటరు కథ, రాత్రి మొదలెడితే తెల్లారేసరికి అయిపోయింది, అంత బిగువు. ఆఖర్న షాకు తిన్నాను, ఒప్పుకుంటాను. కానీ మర్నాడు ఆలోచిస్తే, నన్ను ఓడించింది తెలివితో కాదు, రెండు కాలాల్ని పక్కపక్కన పెట్టి కుట్టేసి ఒకటే గుడ్డ అన్నట్టు చూపించారు, అంతే. ఇది పేకాటలో ముక్క దాచడం. ఆక్రాయిడ్‌లో ముక్కలన్నీ బల్ల మీదే ఉంటాయి, మనం తిరగేసి చూడం, అంతే తేడా. మీరు ఒప్పుకోకపోవచ్చు, మా తమ్ముడు అస్సలు ఒప్పుకోడు, "మోసపోవడానికేగా చదివేది, ఎలా మోసపోతే ఏంటి" అంటాడు. వాడు వంద ట్విస్టులుండే వెబ్ సిరీస్‌లు ఒకటిన్నర స్పీడులో చూసే రకం, వదిలెయ్యండి.

ముక్క దాచకూడదు అనే రూలు ఎప్పట్నించో ఉంది లెండి. రోనాల్డ్ నాక్స్ అని ఒక ఫాదరీ గారు, ఆయన కూడా డిటెక్టివ్ కథలు రాసేవాడు, 1929లో పది సూత్రాలు రాశాడు. డిటెక్టివే హంతకుడు కాకూడదు, సైన్సుకి తెలియని విషాలు వాడకూడదు, రహస్య మార్గాలు ఒకటికి మించి ఉండకూడదు, ముందుగా మనకి సూచించకుండా కవలల్ని దింపకూడదు. ఈ ఆఖరి రూలు చదివినప్పుడల్లా నాకు మన సినిమాలు గుర్తొచ్చి నవ్వొస్తుంది, ద్విపాత్రాభినయం లేకపోతే మనకి సగం హీరోల కెరీర్లే లేవు. అందులో చైనావాళ్ళు ఉండకూడదు అని ఒక దిక్కుమాలిన రూలు కూడా ఉంది, అప్పటి చౌకబారు నవలల్లో ప్రతి విలనూ చైనావాడే అవుతుంటే విసుగొచ్చి అలా రాశాడంటారు గానీ, చదవడానికి మాత్రం ఇప్పుడు చీదర పుడుతుంది.

సరే, ఊరి సంగతికి వద్దాం. సైకిలు గురించి చెప్పాలి.

మాకు ఏటా ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు, తెలుసుగా. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట 1852కి పూర్తి చేసిన దగ్గర్నించీ మా డెల్టా బతుకంతా ఈ కాలువల మీదే, జూన్‌లో నీళ్ళొదిలితే పండగ, ఏప్రిల్ వెళ్ళే టైముకి కట్టేస్తే ఊరంతా వాసన. కాలువ ఎండితే అడుగున ఉన్నవన్నీ బయటపడతాయి, చెంబులు, చెప్పులు, దేవుడి పటాలు, పగిలిన కుండలు, పిల్లలు దిగి బురదలో చేపలు పట్టుకుంటారు. నేను అయిదో క్లాసులో ఉన్నప్పుడు అలా కట్టేసిన కాలువలో, రేవు మెట్లకి కాస్త అవతల, సైకిలొకటి బయటపడింది. ఆకుపచ్చ రంగుది, హ్యాండిలుకి నాచు పట్టేసి, ముందు చక్రానికి డైనమో. అది ఎవరిదో పిల్లలమైన మాకే తెలుసు, ఊళ్ళో అలాంటిది ఒక్కటే ఉండేది. దాని మనిషి అంతకు ముందు సంవత్సరం "ఎటో దేశాలు పట్టి పోయాడు" అని అందరూ అనుకునేవారు, మస్కట్ అని కొందరు, సూరత్ అని కొందరు. మస్కట్‌కి సైకిలు కాలువలో పారేసి ఎవడూ వెళ్ళడు కదా.

పెద్దాళ్ళు వచ్చారు, చూశారు. ఎవ్వరూ ఏమీ అనలేదు. అంటే నిజంగా ఏమీ అనలేదు, ఒక్క మాట. ఇద్దరు పాలేర్లు దాన్ని పైకి లాగి పంచాయితీ గోడకి ఆనించారు. ఆరు నెలలు అక్కడే ఉంది. మేం పిల్లలం దాని బెల్లు కొట్టి పారిపోయేవాళ్ళం, తుప్పు పట్టినా కిర్రుమనేది. ఒకరోజు పొద్దున్న చూస్తే లేదు, పాత ఇనుముకి వేసేశారో ఏమో. అమ్మమ్మని అడిగితే, ఆస్తి ఎవరి పేర రాసింది అని ఇంగ్లండు హత్యలన్నీ విప్పేసిన ఆ మనిషే, "నీకెందుకురా, అన్నం తినెళ్ళి పడుకో" అంది. ఆవిడకి తెలీదనుకోను.

ఇప్పుడు చెప్పండి, దీంట్లో డిటెక్టివ్ ఏం పీకుతాడు? ఎవరు, ఎందుకు, ఎలాగ, మూడూ ఊరికి తెలుసు. తెలీంది ఒక్కటే, ఎవరు నోరు విప్పుతారు అని. పంచనామాకి సంతకం పెట్టే మనిషి లేడు. పేపర్లో ఇలాంటివి "అనుమానాస్పద మృతి" అని నాలుగు లైన్లు వస్తాయి, ఆ అనుమానం పోలీసులది, ఊరికి అనుమానం ఏముంది. (హత్య అంటే 302 అని సినిమాల పుణ్యమా అని మనకందరికీ నోటికొచ్చు, 2024 జూలై నించి కొత్త చట్టంలో అది 103 అయిపోయింది, డైలాగులు రాసేవాళ్ళకి ఎంత కష్టం.)

క్రిస్టీ ఇంకో డిటెక్టివ్ మిస్ మార్పుల్ కూడా పల్లెటూరి ముసలమ్మే కదా, ఆవిడ ఊరు సెయింట్ మేరీ మీడ్ కూడా అరచేతంత ఊరే కదా, అక్కడ ఎలా నడిచింది మరి అని మీరు అడగొచ్చు. నేనూ అదే అనుకునేవాణ్ణి. కానీ క్రిస్టీ ఆ ప్రశ్న మనకంటే ముందే వేసుకుంది. 1950లో వచ్చిన ఎ మర్డర్ ఈజ్ అనౌన్స్‌డ్ చదవండి. పేపర్లో ప్రకటన వస్తుంది, ఫలానా ఇంట్లో ఫలానా సాయంత్రం హత్య జరుగుతుంది, స్నేహితులందరూ రావలెను అని. అందులో మార్పుల్ ఒకచోట చెప్తుంది, యుద్ధానికి ముందు ఊళ్ళో ఎవరు ఎవరో అందరికీ తెలుసు, ఎవరైనా కొత్తగా వస్తే తెలిసినవాళ్ళ దగ్గర్నించి ఉత్తరం పట్టుకొచ్చేవారు, ఇప్పుడు ఎవరో వచ్చి ఇల్లు కొనుక్కుంటారు, వాళ్ళు చెప్పిందే మనం నమ్మాలి అని. చేతిలో రేషన్ కార్డు తప్ప వాళ్ళెవరో చెప్పే ఆధారం లేదు. ఆ నవల కీలకమంతా దాని మీదే. అంటే పల్లెటూరు పల్లెటూరుగా ఉన్నన్నాళ్ళూ కాదు, అది విరగడం మొదలయ్యాక హత్య మిస్టరీ అయ్యింది. ఇది నాకు నలభై దాటాక గానీ వెలగలేదు, మొదటిసారి చదివినప్పుడు హంతకులెవరా అని పేజీలు తిప్పుకుంటా పోయాను, ఆ పేరా కనపడనే లేదు.

ఇంకో సరదా సంగతి. తాళం వేసిన గది హత్య అని ఒక జాతి ఉంది, లోపల గడియ పెట్టుంటుంది, లోపల శవం, చంపినవాడు ఎలా బయటికెళ్ళాడు అని. జాన్ డిక్సన్ కార్ దీంట్లో మొనగాడు, 1935లో రాసిన హాలో మ్యాన్‌లో కథ ఆపేసి ఒక చాప్టరంతా తాళం గదుల మీద లెక్చరే పెట్టించాడు. జపాన్‌లో యొకొమిజో 1946లో హొంజిన్ మర్డర్స్ అని రాశాడు, పెద్ద జమీందారీ లాంటి కుటుంబం, పెళ్ళిరాత్రి, చుట్టూ మంచు, మంచు మీద అడుగులు లేవు. అది చదివి మనకి పెట్టి చూసుకున్నాను. ముందు గడియ. మా మండువా లోగిళ్ళలో ఇంటి నడిమధ్యలో ఆకాశం ఉంటుంది, నాలుగు పక్కలా పెంకులు లోపలికి వాలి వాన నేరుగా ఇంట్లోనే పడుద్ది, కొబ్బరిచెట్టు ఎక్కే ఏ కుర్రాడైనా దిగొచ్చు, ఇంక తాళం ఎవడికి కావాలి. పైగా మా పక్క పగలు తలుపేసుకుంటేనే అనుమానం, "ఏంటండీ తలుపులేసుకున్నారు, ఒంట్లో బాలేదా" అని ముగ్గురొస్తారు. మంచు లేదు, బురద ఉంది. గట్టు మీద బురదలో అడుగు చూసి అది ఎవరిదో చెప్పే రైతులు మాకు ఉన్నారు, షెర్లాక్ హోమ్స్‌కి భూతద్దం కావాలి, వీళ్ళకి అదీ అక్కర్లేదు, "బొటనేలు లోపలికి తిరిగింది, ఫలానా వాళ్ళ రెండోవాడు" అంటారు.

దీవి కథలు కూడా అంతే. 1939లో క్రిస్టీ పదిమందిని ఒక దీవిలో పడేసి ఒక్కొక్కళ్ళనీ చంపేసింది, ఆ జాతికి అదే అమ్మ. మాకు దీవులకి కొదవా, వరదొస్తే లంకలన్నీ దీవులే. 1986 ఆగస్టు వరదకి ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది, నేను చిన్నోణ్ణి, ఏటిగట్టు మీద టార్పాలిన్ కింద పడుకోవడం, ఆవులు పక్కనే పడుకోవడం గుర్తుంది. కానీ ఆ దీవిలో పదిమంది ముక్కూమొహం తెలియనివాళ్ళు, ఒకళ్ళ గుట్టు ఒకళ్ళకి తెలీదు, అదీ భయం. గట్టు మీద మాకు ఎవరి గుట్టు తెలీదు గనక? ఎవరి పక్కన ఎవరు పడుకోకూడదో కూడా తెలుసు, దానికి తగ్గట్టే టార్పాలిన్లు కట్టారు.

మన తెలుగు డిటెక్టివ్ నవలల్ని తక్కువ చెయ్యను. పాంచ్‌కడీ దే అనే ఆయన రాసిన బెంగాలీ డిటెక్టివ్ నవలల అనువాదాలు మా తాతల తరాన్ని ఊపేశాయి. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు, ఆ పాకెట్ పుస్తకాలు అద్దెకి తెచ్చుకుని లెక్కల పుస్తకంలో దాచి చదవని మగపిల్లాడు మా మావయ్య బ్యాచ్‌లో లేడు, ఆడపిల్లలు కూడా చదివారు గానీ ఒప్పుకోరు. సమగ్రాంధ్ర సాహిత్యం రాసిన ఆరుద్ర గారే పలకల వెండి గ్లాసు లాంటి డిటెక్టివ్ నవలలు రాశారని చెప్తే ఇప్పటి పిల్లలు నమ్మరు. అయితే నేను చదివినంతలో ఎక్కువభాగం పట్నంలో నడుస్తాయి. కార్లు, హోటళ్ళు, పిస్తోళ్ళు, సిగరెట్టు పొగ. పల్లెటూరు వస్తే పాడుబడ్డ బంగళాగానో దెయ్యాల తోటగానో వస్తుంది, అంటే అక్కడ మనుషులుండని చోటు కావాలి. చెరువు గట్టున పదిమంది కూచునే ఊళ్ళో యుగంధర్‌కి పని లేదని వాళ్ళకి ముందే తెలిసి ఉంటుంది.

మరి మా ఊరికి సరిపోయే హత్య నవల లేనే లేదా అంటే, ఉంది. ఎక్కడో కొలంబియా ఆయన రాశాడు. గార్సియా మార్క్వెజ్ 1981లో రాసిన క్రానికల్ ఆఫ్ ఎ డెత్ ఫోర్‌టోల్డ్. సన్నది, ఒక మధ్యాహ్నం నిద్ర మానేస్తే అయిపోద్ది. మొదటి వాక్యంలోనే ఎవరు చచ్చిపోతారో చెప్పేస్తాడు, కాసేపట్లోనే ఎవరు చంపుతారో కూడా. ఏటి ఒడ్డున చిన్న ఊరు. పెళ్ళిరాత్రే పెళ్ళికొడుకు పెళ్ళికూతుర్ని పుట్టింటికి తెచ్చి వదిలేస్తాడు, ఆ పిల్ల ఒక పేరు చెప్తుంది, ఆ పిల్ల కవల అన్నలిద్దరూ కత్తులు నూరుకుని, మేం ఫలానావాణ్ణి చంపబోతున్నాం అని కనపడినవాళ్ళందరికీ చెప్తారు. ఎవరైనా ఆపుతారేమో అని చెప్తున్నట్టే ఉంటుంది. ఎక్కడ కూచుని కాపు కాశారో తెలుసా, పాలకొట్లో! ఊరంతా పొద్దున్నే పాలకి వచ్చే చోట. మా ఆవిడ మాటకి నేను ఉలిక్కిపడింది అందుకే, ఆ పుస్తకం ఆవిడ చదవలేదు. ఊరందరికీ తెలుసు, తాగిన మాటల్లే అని కొందరు, ఎవరో చెప్పే ఉంటారులే అని కొందరు, బిషప్పు గారి పడవ వస్తోందని రేవుకి పరిగెత్తినవాళ్ళు కొందరు, ఆ బిషప్పు పడవ దిగను కూడా దిగడు. ఆఖరికి ఆ కుర్రాడు తన ఇంటి గుమ్మం ముందే కత్తిపోట్లు తింటాడు. 1951లో ఆయనకి తెలిసిన ఊళ్ళో నిజంగా జరిగిన హత్య మీద అల్లిన కథ అది. అసలు ఆ పిల్ల చెప్పిన పేరు నిజమో కాదో పుస్తకం అయిపోయినా మనకి తెలీదు. కథ చెప్పే మనిషి ఇరవై ఏడేళ్ళ తర్వాత ఊరికొచ్చి అందర్నీ అడుగుతాడు, అందరూ ఆ రోజు వాన పడిందో ఎండ కాసిందో దగ్గర కూడా ఒక మాట మీద ఉండరు.

అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పంచాయితీ గోడకి ఆనించిన ఆ సైకిలే కళ్ళ ముందు.

జపాన్ ఆయన హిగాషినో కూడా ఇదే దారి ఇంకో పక్కనించి పట్టుకున్నాడు, అందుకే ఇప్పటి వాళ్ళలో నాకు ఆయనంటేనే గురి. డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్, 2005ది, మొదట్లోనే హత్య మన కళ్ళ ముందు జరిగిపోద్ది, పీడించే మాజీ మొగుణ్ణి ఒక తల్లీ కూతురూ చంపేస్తారు, పక్కింట్లో ఉండే లెక్కల మేష్టారు గోడవతల నించి విని, పిలవకుండానే వచ్చి, నేను చూసుకుంటాను అంటాడు. ఎవరు అనేది ప్రశ్నే కాదు, ఒక పక్కింటాయన మౌనంగా ఎంత దూరం వెళ్ళగలడు అనేది ప్రశ్న. మాలిస్ అని ఇంకోటి, 1996ది, చంపింది ఎవరో సగంలోపే తేలిపోద్ది, మిగతాదంతా ఎందుకు అనే. ట్విస్టుల కోసం చదివేవాళ్ళు కూడా ఈ రెండూ చదవండి, ట్విస్టులు ఇందులోనూ ఉన్నాయి, అవి మనుషుల్లోంచి వస్తాయి.

ఇంతా రాసి ఒక మాట ఒప్పుకోవాలి. నా వాదన మా అమ్మమ్మ ఊరికి సరిపోద్ది, నేను ఇప్పుడుంటున్న చోటికి సరిపోదేమో. అమలాపురంలో మా అపార్ట్‌మెంట్లో ఎదురు ఫ్లాటులో ఎవరుంటారో నాకు నిజంగా తెలీదు. పేరు డోర్ మీద ఉంది, ఆ పేరు గల ఆయన కెనడాలో ఉంటాడట, లోపల ఎవరో అద్దెకున్నారు, ఏం చేస్తారో వాచ్‌మన్‌కి తెలీదు. ఊళ్ళకి వెళ్తే సగం ఇళ్ళకి తాళాలు, రొయ్యల చెరువుల దగ్గర షెడ్లలో ఒడిశా నించీ బెంగాల్ నించీ వచ్చిన కుర్రాళ్ళు, వాళ్ళ ఊరేంటో వాళ్ళ అమ్మ ఎవరో అడిగినవాళ్ళు లేరు, ఆధార్ జిరాక్సు ఉంటే చాలు. రేషన్ కార్డు గురించి మార్పుల్ అన్న మాట ఇదే కదా. వీడెవడో తెలీదు అనే భయం వచ్చేసింది, పాత మౌనం ఇంకా పోలేదు, రెండూ ఒకేసారి ఉన్న ఊళ్ళు ఇప్పుడు మావి. ఎవరైనా రాయాలనుకుంటే ఇదే టైము. నాకు చేతకాదు, నేను చదివేవాణ్ణే. రాసేవాళ్ళు మాత్రం దయచేసి హైదరాబాద్ నించి జీన్స్ ప్యాంటు డిటెక్టివ్‌ని దింపకండి, పాలబ్బాయిని పెట్టండి, తెలిసి కూడా చెప్పని పాలబ్బాయిని.

కరెంటు వచ్చాక ఆదివారం ఊరెళ్ళాను. అమ్మమ్మ పోయాక అమ్మే ఆ ఇంట్లో ఉంటోంది, పట్నం రమ్మంటే రాదు. భోజనాలయ్యాక అరుగు మీద కూచున్నాం, కాలువలో నీళ్ళు నిండుగా పోతున్నాయి. ఏదో మాటల మధ్యలో అన్నట్టు అడిగాను, అమ్మా, నా చిన్నప్పుడు కాలువలో ఒక సైకిలు బయటపడింది, ఆకుపచ్చది, డైనమో ఉండేది, గుర్తుందా అని.

"ఏ సైకిలు?" అంది. నాకేం గుర్తులేదురా, ఎన్ని సైకిళ్ళు పడతాయి కాలువలో అంది. లోపలికెళ్ళింది. గిన్నెల చప్పుడు. కాఫీ తెచ్చి నా చేతికిచ్చి, చెంగుతో చెయ్యి తుడుచుకుంటా కాలువ వైపు చూస్తా అంది.

"అయినా దానికి డైనమో ఎక్కడేడిసింది. బెల్లొక్కటే ఉండేది."